కిటికీ అవతల బావ

విశాఖపట్నం వెళ్ళి వచ్చానంటే ఎవరైనా ముందు సముద్రం గురించే అడుగుతారు. మా కర్నూలు వాళ్ళకి నీళ్ళంటే తుంగభద్ర, అదీ ఎండాకాలం వస్తే ఇసుక మధ్య సన్నటి పాయగా మిగులుతుంది. అందుకని అలా అడగడం న్యాయమే. సముద్రం చూశాను. పొద్దున చూశాను, సాయంత్రం చూశాను, వర్షంలో చూశాను. అయినా ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ముందు కనిపించేది ఒక గది. ఎత్తయిన కప్పు, సున్నం వేసిన గోడలు, ఇనప మంచాలు, పడమటి గోడకి ఒక పెద్ద కిటికీ. అది రేవుకి దగ్గరలో ఉన్న ఒక ట్రస్టు ఆస్పత్రిలోని క్యాజువాల్టీ. దెబ్బలు తగిలినవాళ్ళనీ, ఉన్నట్టుండి పడిపోయినవాళ్ళనీ ముందుగా తీసుకొచ్చే చోటు.

ఎనభైల మొదట్లో, అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజుల్లో వెళ్ళాను. అప్పుడు నేను కర్నూలులో నర్సులకి పాఠాలు చెప్పేదాన్ని. మా ఊరి ఆస్పత్రిలో క్యాజువాల్టీ తలుపు దగ్గర రోజూ ఒక తగవే. రోగితో వచ్చినవాళ్ళు లోపలికి వస్తామంటారు, మేం బయటికి తోస్తాం. తలుపు అటు వాళ్ళు తోస్తూ, ఇటు మేం తోస్తూ ఉంటే, మధ్యలో రోగి సంగతి ఒక్కోసారి అందరం మరిచిపోయేవాళ్ళం. రోగి పక్కన తనవాళ్ళు ఒకరుంటే మంచిదా, చెడ్డదా? దీని మీద ప్రతివాళ్ళకీ ఒక అభిప్రాయం ఉంది, ఋజువు మాత్రం ఎవరి దగ్గరా లేదు. విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ ఈ ప్రశ్నను పద్ధతిగా అడుగుతోందని తెలిసి, చూసి నేర్చుకు రమ్మని మా పెద్ద డాక్టరుగారు నన్ను పంపించారు.

తుని దాటాక

రైలు తుని దాటేసరికి తెల్లవారింది. అప్పటిదాకా చదునుగా సాగిన నేల కొండలై లేచింది. మా వైపూ కొండలున్నాయి కానీ అవి ఎండకి మాడిన బోడి రాళ్ళు. ఇవి మబ్బు కప్పుకుని పడుకున్న పశువుల్లా ఉన్నాయి. ఎర్రమట్టి, జీడితోటలు, తాటిచెట్లు, మళ్ళీ కొండలు. నిద్ర నుంచి పూర్తిగా తేరుకోని కళ్ళకి అవన్నీ నిజంగా కనిపిస్తున్నాయో, ఇంకా కలే నడుస్తోందో తెలియలేదు. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ మగత నన్ను వదల్లేదు. గాలిలో తేమ వల్లనేమో, అక్కడ ప్రతి వస్తువూ అంచులు కొంచెం కరిగినట్టు కనిపిస్తుంది.

అనకాపల్లిలో ఒక పెద్దావిడ బెల్లపు బుట్టతో ఎక్కి నా ఎదుట కూర్చుంది. పెట్టెంతా పాకం వాసన నిండిపోయింది.

"ఎందాకమ్మా?" అని అడిగింది.

"విశాఖపట్నం. ఆస్పత్రి పని మీద."

"ఎవులికి బాగోనేదు?"

"ఎవరికీ కాదు. అక్కడ రోగుల్ని ఎలా చూస్తున్నారో నేర్చుకుందామని."

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. "బాగోనోలు ఉంటే ఎల్తారు గానీ, ఎవులూ నేకుండా ఆస్పత్రికెల్లినోలిని నాను సూణ్ణేదు" అంది. బుట్టలోంచి చిన్న బెల్లం ముక్క విరిచి నా చేతిలో పెట్టింది. "ఇది నోట్లో ఏసుకో. ఆస్పత్రికి వొట్టి నోటితో ఎల్లకూడదు."

అలాంటి ఆచారం నిజంగా ఉందో, నా మీద జాలిపడి అప్పటికప్పుడు కల్పించిందో నాకు తెలియదు. ఆ తీపి నోట్లో కరుగుతూండగానే స్టేషన్ వచ్చింది.

పూర్ణా మార్కెట్

ఆస్పత్రి వెనక నర్సుల క్వార్టర్సులో నాకో గది ఇచ్చారు. క్యాజువాల్టీలో ఆయాగా చేసే నూకాలమ్మకి నన్ను అప్పగించారు. యాభై దాటిన మనిషి, బిగించి కట్టిన కోక, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. మొదటి రోజు సాయంత్రం, "బయట తినకు. రేపు మా గుంట ఒత్తాది. నీకు వండి పెడతాది" అంది.

మా వైపు గుంట అంటే నేలలో గొయ్యి. గొయ్యి రావడమేమిటి, వండి పెట్టడమేమిటి? అలసటలో తప్పుగా విన్నానేమో అనుకుని పడుకున్నాను. పొద్దున్నే ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆవిడే నూకాలమ్మ కూతురు, గుంట. ఈ సంగతి చెబితే నూకాలమ్మ చాలాసేపు నవ్వి, ఆ తరువాత ఆస్పత్రిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పింది.

క్యారేజీలో చోడంబలి ఉంది. మేం రాగులనేవాటినే వాళ్ళు చోళ్ళంటారు. మేం సంగటి ముద్ద చేసుకుని పప్పుతోనో పచ్చడితోనో మింగుతాం, వాళ్ళు పల్చగా కాచి మజ్జిగ కలిపి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగుతారు. అదే గింజ అక్కడ నీరైపోయింది అనిపించింది. ఆ ఊళ్ళో అన్నీ అంతే, కొంచెం నీటి వైపు ఒరుగుతాయి.

సెలవు దొరికిన పూట నూకాలమ్మ నన్ను పూర్ణా మార్కెట్టుకి తీసుకెళ్ళింది. ఎండుచేపల వాసన, పసుపు వాసన, తడిసిన గోనెల వాసన ఒకదాని మీద ఒకటి పొరలుగా ఉంటాయి. ఒక కొట్టు ముందు ఉల్లిపాయల కుప్ప పోసి, కర్నూలు ఉల్లి అని అరుస్తున్నాడు. పరాయి ఊళ్ళో చుట్టాన్ని చూసినట్టయి నిలబడిపోయాను. ధర మాత్రం మా ఊరిలో కంటే బాగా ఎక్కువ. ఆ మాటంటే కొట్టువాడు, "అక్కడినుంచి నడిసి రాలేదు కదమ్మా, లారీ ఎక్కి వొచ్చినాయి" అన్నాడు. దానికి బదులుగా చేపలు చవక. మా ఊళ్ళో రెండు కోడిగుడ్లు వచ్చే డబ్బుకి అక్కడ దోసెడు నెత్తళ్ళు పోసింది చేపలమ్మే ఒక పల్లెకారు మనిషి. నెత్తళ్ళంటే వేలెడు కూడా లేని వెండి చేపలు. ఆ పూట చింతచిగురు వేసి వండారు. నదిచేపలు తిన్న అలవాటుకొద్దీ నేను ఒక్కోదానికీ ముల్లు తీస్తూ కూర్చున్నాను.

నూకాలమ్మ కాసేపు చూసింది. "అలాగైతే దీపాలెట్టిందాకా తింతావు. నమిలీ" అంది.

మరో వింత, అక్కడ మగవాళ్ళందరూ ఒకరికొకరు బావలే. రిక్షా అతను మూటలు మోసే అతన్ని బావా అంటాడు, అతను కొట్టువాణ్ణి బావా అంటాడు, కొట్టువాడు పోలీసుని కూడా బావా అని పిలవడం నా చెవులతో విన్నాను. మా వైపు అలా పిలిస్తే తగవులొస్తాయి. ఊరంతా ఒకే ఇంటి పిల్లల్ని చేసుకున్నారా అని అడిగితే నూకాలమ్మ, "పిలుపుకి డబ్బులేటి?" అంది.

చీటీ

డాక్టర్ సత్యవతిగారిది కాకినాడ వైపు. పోర్టులో ఉద్యోగం వచ్చి తండ్రి ఈ ఊరికి మారినప్పుడు చిన్నపిల్ల. నలభై ఏళ్ళుంటాయి, అప్పటికే తల సగం నెరిసింది. ప్రతి మాటకీ అండి చేర్చి నెమ్మదిగా మాట్లాడే మనిషి. చేతులు మాత్రం చాలా వేగంగా కదిలేవి.

ఆవిడ పద్ధతి ఇది. ముందుగానే కొన్ని చీటీలు రాసి, కలిపి, కవర్లలో పెట్టి అంటించేశారు. పొద్దున్నే ఒక కవరు విప్పుతారు. తెరవాలి అని ఉంటే ఆ రోజు ప్రతి రోగితోనూ ఒకరు లోపలికి రావచ్చు, మంచం పక్కన కూర్చోవచ్చు. మూయాలి అని ఉంటే ఆ రోజు ఎవరూ రాకూడదు, అంతకుముందు ఎప్పుడూ జరిగినట్టే. వైద్యంలో ఏ తేడా ఉండదు. రోగి ఎంత స్థిమితంగా ఉన్నాడు, గట్టిగా పట్టుకోవలసి వచ్చిందా, వచ్చినవాళ్ళు పనికి అడ్డం పడ్డారా, సాయపడ్డారా, ఇవి చూసి రాసుకోవాలి. మూలన ఒక స్టూలు మీద కూర్చుని అలా చూడడమే నా పని.

"చీటీ ఎందుకండీ? ఎవరికి అవసరమో చూసి వాళ్ళకి తెరవచ్చు కదా?" అని మొదటి రోజే అడిగాను.

"అలా చేస్తే మనకి నచ్చినవాళ్ళకి తెరుస్తామండి" అన్నారు సత్యవతిగారు. "నెమ్మదస్తులకి తెరుస్తాం, గోలపెట్టేవాళ్ళకి మూస్తాం. ఆఖరున చూసుకుంటే తలుపు తెరిచినవాళ్ళందరూ నెమ్మదిగా ఉన్నారని తేలుతుంది. తలుపు మహిమ ఏముందండి అందులో? వాళ్ళు ముందే నెమ్మదస్తులు."

"మూసిన రోజున మనసు ఒప్పుకుంటుందా?"

ఆవిడ చేతులు కడుక్కుంటున్నారు. "తెరిచిన రోజునా ఒప్పుకోదండి. ఏదైనా చెడు జరుగుతుందేమోనని భయమే. రెండింట్లో ఏది మంచిదో నాకు తెలియదు. తెలిస్తే ఇదంతా ఎందుకు?"

ఆవిడ భయం వట్టిది కాదని ఒక తెరిచిన రోజున నేనే చూశాను. రేవులో పనిచేసే అతనికి అరచేయి చీరుకుపోయింది. భార్య పక్కన నిలబడి, సూది చూడగానే నిలువునా కూలిపోయింది. కుట్లు సగంలో ఆపి అందరం ఆవిడ మొహాన నీళ్ళు కొట్టాం. చీరిన చేతిని ఎత్తిపట్టుకుని అతను కూడా మంచం దిగి, రెండో చేత్తో ఆవిడకి గాలి విసిరాడు. ఇంకో తెరిచిన రోజున, ఆయాసంతో వచ్చిన ఒక ముసలావిడ మనవరాలి కొంగు పట్టుకోగానే ఊపిరి నెమ్మదించడం కూడా చూశాను. మూలన స్టూలు మీద కూర్చుని, పడమటి కిటికీలోంచి వచ్చే వెలుతురు మంచం నుంచి మంచానికి జరగడం చూస్తూంటే, మనుషులు ఒడ్డుకి కొట్టుకొచ్చి, కాసేపు ఆగి, మళ్ళీ లోపలికి పోతున్నట్టుండేది. రేవులో ఓడ కూత వేస్తే అద్దాలు సన్నగా వణికేవి.

గాజువాక నుంచి లారీ

ఆ రోజు చీటీ మూయాలి అని వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక లారీ ఆస్పత్రి ముందుకి వచ్చి ఆగింది. వెనక, శ్లాబు పోతకి వాడే సెంట్రింగు చెక్క మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. అతని కుడి కాలిని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో కదలకుండా పట్టుకుని ఇంకొకతను కూర్చున్నాడు. గాజువాక నుంచి గతుకుల రోడ్డంతా అలాగే పట్టుకుని వచ్చాడట.

పడుకున్నతని పేరు పైడిరాజు. పాతికేళ్ళుంటాయి. కాలు పట్టుకున్నతను సింహాచలం, కొంచెం పెద్దవాడు. ఇద్దరిదీ విజయనగరం అవతల ఒకే ఊరు. పొలం పనులు లేని రోజుల్లో కట్టుబడి పనికి వస్తారు. గాజువాకలో ఎవరిదో కొత్త ఇంటికి పని చేస్తూంటే, తడి మీద కాలు జారి పైడిరాజు పైనుంచి పడ్డాడు.

అతన్ని లోపలికి తీసుకెళ్ళగానే నూకాలమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది.

"నాను ఆడి బావనమ్మా" అన్నాడు సింహాచలం.

"ఈ ఊర్ల అందరూ బావలే" అంది నూకాలమ్మ.

"కాదమ్మా, సొంత బావని. మా ఆడది ఆడి అక్క."

"ఎవులైనా సరే నాయనా. ఇయ్యాల లోపలికి ఎవులూ రాకూడదు. సెట్టు కింద కూకో."

లోపల మాత్రం పరిస్థితి బాగాలేదు. పైడిరాజు తొడ ఎముక విరిగింది, లోపల రక్తం పోతోంది. తలకి కూడా దెబ్బ తగిలింది. కళ్ళు తెరిచే ఉన్నా ఎక్కడున్నాడో తెలియడం లేదు. లేచి కూర్చోబోతాడు, సెలైను గొట్టం లాగేస్తాడు, బావా, బావేడి అని అరుస్తాడు. మేం పట్టుకున్నకొద్దీ, దొంగలు పట్టుకున్నట్టు పెనుగులాడాడు.

"నిద్రమందు ఇవ్వలేమా అండీ?" అన్నాను.

"తల దెబ్బ ఉందండి. మందిచ్చి నిద్రపుచ్చితే, అది మందు నిద్రో, మెదడు లోపల రక్తం చేరి వచ్చిన మగతో మనకి తెలియదు" అన్నారు సత్యవతిగారు. "కాలికి బద్ద కట్టి సాగదీసి ఉంచాలి. ఇలా విదిలిస్తే ఎముక మొన రక్తనాళాన్ని కోసేస్తుంది. సర్జనుగారికి కబురెళ్ళింది, ఊరి అవతల నుంచి రావాలి."

ఆవిడ తలుపు వైపు చూశారు. నేనూ చూశాను. ఆ గదిలో ఉన్న అందరం ఒకే మాట అనుకుంటున్నామని తెలుస్తూనే ఉంది. ఆవిడ చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళారు, నేను వెంట వెళ్ళాను. సింహాచలం చెట్టు కింద కూర్చోలేదు. మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా ఎండిన సిమెంటు, మోకాళ్ళ మీద రక్తం.

"చూడు నాయనా, నీ మీద కోపం కాదు" అన్నారు ఆవిడ. "కొన్ని రోజులు తలుపు తెరిచి, కొన్ని రోజులు మూసి, రోగులకి ఏది మంచిదో చూస్తున్నాం. ఇవాళ మూసే రోజు. అది పొద్దున్నే తేలిపోయింది, అప్పటికి మీరు వస్తారని ఎవరికీ తెలియదు."

అతను అంతా విన్నాడు. "తలుపులోంచి రాకూడదు. అంతే కదండి?"

"అంతే."

"సరేనండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మనసు కష్టపడి వెళ్ళాడనుకున్నాను. సత్యవతిగారు కూడా అదే అనుకున్నారు కాబోలు, లోపలికి వచ్చి బద్ద అందుకుంటూ, "ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం. కాకపోతే తలుపు తీసేసి అతన్ని పిలవండి. చీటీ సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

అప్పుడు పడమటి గోడ వైపు నుంచి మాట వినిపించింది.

"బావా, నానే. ఇక్కడున్నాను."

ఊఁ

కిటికీ అవతల మురుగుకాలువ, దాని పక్కన పాత ఇటకల కుప్ప. సింహాచలం భవనం చుట్టూ తిరిగి వెళ్ళి, ఆ ఇటకల మీద నిలబడి, ఊచలు పట్టుకున్నాడు. వెనక ఎండ మండిపోతోంది. లోపలి నుంచి చూస్తే మొహం కనిపించదు, తలపాగా ఆకారం, రెండు భుజాలు, చుట్టూ వెలుతురు.

"కదలకు బావా. కదిల్తే కాలు సెడిపోద్దంట. నాను కతలు సెప్తాను, నువ్వు ఊఁ కొట్టు."

పైడిరాజు మొహం కిటికీ వైపు తిరిగింది. పెనుగులాట ఒక్కసారిగా ఆగలేదు. ఉప్పెన తగ్గినట్టు, కొంచెం తగ్గి, మళ్ళీ పొంగి, ఇంకొంచెం తగ్గింది.

"మన ఎర్రగిత్త గుర్తున్నాదా? తాడు తెంపుకుని ఏటికడ్డంబడి పోనాది. నాను ఎనకాల పరిగెత్తి బురదలో కూలబడిపోనాను. నువ్వు గట్టు మీద నిలబడి నవ్వినావు. గిత్తని పట్టుకోకుండా నవ్వినావు. గుర్తున్నాదా?"

"ఊఁ" అన్నాడు పైడిరాజు.

అంతే, సత్యవతిగారి చేతులు కదిలాయి. నేను మడమ పట్టుకున్నాను, ఆవిడ కాలు సాగదీశారు. నొప్పికి అతని ఒళ్ళు విల్లులా వంగింది. "కదలకు బావా, కదలకు, గిత్త అవతలి గట్టెక్కీసినాది" అని కిటికీ చెబుతూనే ఉంది. బద్ద కట్టడం అయింది. సెలైను మళ్ళీ ఎక్కించారు.

సత్యవతిగారు కిటికీ దగ్గరికి వెళ్ళారు. "నువ్వు ఆపకు నాయనా. అతను ఊఁ అన్నంతసేపూ తెలివిలో ఉన్నాడని మాకు తెలుస్తుంది." నా వైపు తిరిగి, "సిస్టరుగారూ, మీరు ఆ ఊఁ వింటూ ఉండండి. అది ఆగితే వెంటనే చెప్పండి" అన్నారు.

ఆ మధ్యాహ్నం నాకు గడియారంతో సంబంధం లేకుండా జరిగింది. గోగుచేను కోత గురించి విన్నాను, నూతిలో పడిన మేక గురించి విన్నాను, సింహాచలం పెళ్ళిలో పప్పు మాడిపోయిన సంగతి విన్నాను. ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు. ఇప్పటికీ ఆ ఏటి గట్టు, ఆ నుయ్యి నాకు తెలిసినవే అనిపిస్తాయి. నూకాలమ్మ ఎవరూ చెప్పకుండానే చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళి అతనికి తాగించి, తడిపిన తువ్వాలు నెత్తి మీద వేసి వచ్చింది.

ఒకసారి ఊఁ ఆగింది.

కిటికీ కూడా ఆగింది. సత్యవతిగారు పరుగున వచ్చి రెప్పలెత్తి చూశారు, కళ్ళలోకి లైటు వేశారు. "బావా" అన్నాడు సింహాచలం, ఈసారి మామూలు గొంతుతో కాదు. "బావా, ఇంటన్నావేటి?"

పైడిరాజు పెదవులు తడుపుకున్నాడు. "మేక... పైకొచ్చిందా?" అన్నాడు.

నూకాలమ్మ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

ఊళ్ళో కథలన్నీ అయిపోయాక సింహాచలం వెనక్కి తిరిగి రేవు చూస్తూ, కనిపించింది కనిపించినట్టు చెప్పసాగాడు. "ఓడొకటి ఎల్తన్నాది బావా. ఎంత పెద్దదో. మన ఊరు మొత్తం ఎక్కీయొచ్చు. దాని మీదొకడు బట్టలారేత్తన్నాడు. అటేపు ఎర్రమట్టి పోత్తన్నారు, మేగం కూడా ఎర్రగయిపోనాది. కొండ మీద ఓడలకి దారి సూపే దీపం ఇంకా ఎలగనేదు." గొంతు రాసిపోయి, మాట గాలితో కలిసి సగమే లోపలికి వచ్చేది. అయినా ఊఁ వస్తూనే ఉంది.

ఎండ వాలుతూండగా సర్జనుగారు వచ్చారు. పైడిరాజుని ఆపరేషను గదికి తీసుకెళ్ళారు. ఖాళీ మంచం పక్కన నిలబడి కిటికీ వైపు చూశాను. ఊచల మధ్య ఇప్పుడు ఆకాశమే ఉంది. దగ్గరికెళ్ళి వంగి చూస్తే, సింహాచలం ఇటకల మీద కూర్చుని, తల మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

భీమిలి రోడ్డు

ఆదివారం సత్యవతిగారు నన్ను బస్సులో భీమిలి తీసుకెళ్ళారు. అప్పటికి పైడిరాజుకి ప్రాణగండం తప్పింది. మధురవాడ దగ్గర రోడ్డుకి రెండువైపులా జీడితోటలే. గాలికి ఆకులు వెనక్కి తిరిగినప్పుడు ఎర్రనేల మీద నీడలు ఈదుతున్నట్టుండేది. భీమిలిలో ఒడ్డున చెప్పులు విడిచి నీళ్ళలో నిలబడ్డాను. తిరిగి చూసేసరికి ఒకటే ఉంది. రెండోది కొంచెం దూరంలో తేలుతూ, తీరిగ్గా సముద్రంలోకి పోతోంది. వెంటపడదామనిపించలేదు. మిగిలిన చెప్పుని చేతిలో పట్టుకుని ఇసకలో కూర్చున్నాను.

"అతన్ని ఏ వైపు రాస్తారండీ? తెరిచినట్టా, మూసినట్టా?" అని అడిగాను.

"మూసిన రోజు కిందే రాశానండి. తలుపు మూసే ఉంది కదా" అన్నారు ఆవిడ. "కిటికీ దగ్గర మనిషి ఉన్నాడని కూడా రాశాను."

"దాంతో మీ లెక్క చెడిపోతుందేమో."

"చెడితే చెడనివ్వండి. జరిగింది జరిగినట్టు రాయకపోతే ఇన్ని చీటీలు తీసి ఏం లాభం?" ఆవిడ కూడా నా పక్కన ఇసకలో కూర్చున్నారు. "ప్రాణం మీదికి వచ్చినప్పుడు చీటీ ఏది చెప్పినా తలుపు తెరవాలని ఒక నియమం పెడుతున్నాను. మొదట్లోనే పెట్టాల్సింది. కాయితం మీద రాసుకునేటప్పుడు మనుషులు కాళ్ళు విదిలించరండి, అందుకని తోచలేదు."

"అతను కిటికీ దగ్గరికి రాకపోతే?"

"తెరిచేదాన్ని. తెరిచేదాన్నే అనుకుంటాను" అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఒక అల వచ్చి వెళ్ళింది.

తిరుగు బస్సులో ఒంటిచెప్పుతో ఎక్కిన నన్ను చూసి కండక్టరు, "రెండోది ఎనకాల బస్సులో ఒత్తందా అమ్మా?" అని అడిగాడు.

మగవాళ్ళ వార్డు

నేను తిరిగి వచ్చేనాటికి సత్యవతిగారి పని పూర్తి కాలేదు. అందుకని తలుపు తెరవాలో, మూయాలో మా పెద్ద డాక్టరుగారికి తేల్చి చెప్పలేకపోయాను. ఎలా అడగాలో మాత్రం నేర్చుకొచ్చానని చెప్పాను.

బయల్దేరే రోజు పొద్దున్న పై అంతస్తులో ఉన్న మగవాళ్ళ వార్డుకి వెళ్ళాను. పైడిరాజు కాలు మంచం చివరన బరువులు కట్టి వేలాడదీసి ఉంది. తల కట్టు చిన్నదయింది, చూపు తేటపడింది. సింహాచలం పక్కన కింద కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు. మాట ఇంకా సరిగా పెగలడం లేదు, గొంతు బొంగురు పోయింది. నన్ను చూసి ఇద్దరూ నవ్వారు. చూసే పని అలవాటైపోయి, ఆగలేక అడిగాను.

"పైడిరాజూ, ఆ రోజు కింద గదిలో ఉన్నప్పటి సంగతులేమైనా గుర్తున్నాయా?"

"ఏటీ గుర్తు నేదమ్మా" అన్నాడు. తల కట్టు తడుముకుని, "మా అయ్య వొచ్చినాడు" అన్నాడు.

"మీ నాన్నా?"

"అవునమ్మా. అయ్య పోయి శానాళ్ళయినాది. కిటికీ కాడకొచ్చి నిలబడినాడు. మొకం అగుపళ్ళేదు, సుట్టూ ఎలుతురే. ఎర్రగిత్త సంగతి సెప్పినాడు, గోగుసేను సంగతి సెప్పినాడు. మరి ఓడల సంగతి కూడా సెప్పినాడు. అయ్య బతికుండగా ఓడనేది సూణ్ణేదు. అక్కడికెల్లినాక సూసినాడేటో." అతని కళ్ళు నిండాయి. "అయ్య అక్కడ నిలబడీసరికి నాకు బయం పోనాది. ఇంకేటీ అవదులే అనుకున్నాను."

నేను సింహాచలం వైపు చూశాను. అతను తల ఎత్తలేదు. బత్తాయి తొన మీద తెల్లటి పీచు ఒక్కొక్కటే తీస్తున్నాడు.

"ఆయేల నువ్వెక్కడున్నావు బావా? నిన్ను తలుపు కాడ ఆపీసినారంట కదా" అన్నాడు పైడిరాజు.

నేను నోరు తెరిచాను. సింహాచలం నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. నేను నోరు మూసుకున్నాను.

"నానా? సెట్టు కింద కూకున్నాను" అన్నాడు, ఆ బొంగురు గొంతుతోనే. తొన పైడిరాజు నోట్లో పెట్టాడు. "ఇంకేటన్నాడు మావ?"

"కదలొద్దన్నాడు."

"కదిలినావా మరి?"

"నేదు."

"మావ సెప్తే ఇంతావు" అన్నాడు సింహాచలం, ఇంకో తొన తీస్తూ. "నాను సెప్తే ఎప్పుడిన్నావు గనక."